మహాజన సభలో మాట నిలవాలంటే

పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలో తుది అధికారం మహాజన సభది. సంఘం 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైనదైనా, 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైనదైనా ఈ విషయంలో తేడా లేదు. పూటకు పది లీటర్లు పోసే సభ్యుడికీ, ఒక్క లీటరు పోసే సభ్యురాలికీ అక్కడ ఓటు ఒక్కటే.

కాని ఓటు ఉన్నంత మాత్రాన మాట చెల్లుతున్నదని అనుకోరాదు. సంఘాల సభలకు హాజరవుతుండే మాకు తరచుగా కనిపించేది ఏమిటంటే, కూర్చున్నవారిలో లేచి మాట్లాడేది నలుగురైదుగురే. ఏటా ఆ నలుగురైదుగురే. మిగిలినవారికి చెప్పవలసినది లేదా అంటే, కొండంత ఉన్నది. దానిని పాలకేంద్రం ముందు వరుసలో నిలబడినప్పుడు చెబుతారు, టీ దుకాణం దగ్గర చెబుతారు, ఇంటి అరుగు మీద చెబుతారు. చెప్పవలసిన చోట మాత్రం చెప్పరు.

దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. మిగులు పంపకం, బోనసు, దాణా సరఫరా, పరీక్ష విధానం, పాలకేంద్రం వేళలు ఇవన్నీ సభలో తేలే విషయాలు. ఎవరూ మాట్లాడకపోతే "సభ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని పుస్తకంలో రాసుకుంటారు. ఆరు నెలలు గడిచాక ఆ సంగతి తెలిసి బాధపడితే ప్రయోజనం ఉండదు. అరుగు మీద చెప్పుకున్న కష్టాన్ని ఏ చట్టమూ లెక్కలోకి తీసుకోదు.

సభలో మాట్లాడటం పుట్టుకతో వచ్చే విద్య అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పాలు పితకడం ఎవరికీ పుట్టుకతో రాదు గదా. చేయగా చేయగా చేతికి వస్తుంది. ప్రసంగం కూడా అంతే. దానికొక పద్ధతి ఉన్నది. సభ్య సోదరీ సోదరులకు ఆ పద్ధతిని వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందు కోరిక తేల్చుకోవాలి

సభకు వెళ్ళే ముందు సభ్యుడు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: "నేను కూర్చునే సరికి ఈ సభ ఏమి చేయాలి?" దీనికి సమాధానం ఒక్క వాక్యంలో కాగితం మీద రాయగలగాలి. రాయలేకపోతే ప్రసంగం ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

ఆ వాక్యాన్ని రెండు విధాలుగా పరీక్షించుకోవచ్చు. మొదటిది, దానిని ఉన్నదున్నట్లు తీర్మానాల పుస్తకంలో రాయడానికి వీలవుతుందా? "సంఘం బాగుపడాలి" అన్నది రాయదగిన వాక్యం కాదు. "సాయంత్రం పాల సేకరణ 5 గంటలకు మొదలుపెట్టాలి" అన్నది రాయదగినది. రెండవది, ఆ పని సంఘం చేతిలో ఉన్నదా? సేకరణ వేళలు, శాంపిలు తీసే విధానం, బిల్లుల పంపిణీ, దాణా నిల్వ, మిగులు వినియోగం వంటివి నిబంధనావళికి లోబడి సంఘం తేల్చుకోగలవి. పాల ధర మాత్రం సాధారణంగా డెయిరీ లేక యూనియన్ నిర్ణయిస్తుంది. ధర గూర్చి సంఘం అధ్యక్షులను ఎంత నిలదీసినా ఆయన పెంచలేరు. ధర పెంచవలసిందిగా యూనియన్‌కు తీర్మానం పంపమని కోరితే అది సంఘం చేయగల పని. చేయలేని పనిని అడిగి గంటసేపు వాదించడం కంటె, చేయగల పనిని అడిగి అయిదు నిమిషాలలో సాధించుకోవడం మేలు.

కోరిక ఒక్కటే ఉండాలి. దాణా, పశువైద్యం, బోనసు, కేంద్రం కప్పు కారడం అన్నీ ఒకే ప్రసంగంలో కుక్కితే ఏ ఒక్కటీ వినేవారి మనసులో నిలవదు. నాలుగు కోరికలుంటే నలుగురు సభ్యులు తలా ఒకటి పంచుకోవడం మంచి పద్ధతి.

పాకకు నిట్రాడు

పశువుల పాక వేసేటప్పుడు ముందు నిట్రాడు నిలబెడతాము. దాని మీద దూలం, దూలం నుంచి వాసాలు, వాసాల మీద కప్పు. ప్రసంగంలో నిట్రాడు వంటిది మన ఒక్క కోరిక. వాసాలు దానికి చూపే కారణాలు. ఆ వాసాలను పట్టి ఉంచే కట్లే ఆధారాలు. కట్టు లేని వాసం ఒక్క గాలికి జారిపోతుంది. అట్లాగే ఆధారం లేని కారణం ఎవరో ఒకరు లేచి "ఎవరు చెప్పారు?" అనగానే కూలిపోతుంది.

కారణాలు రెండు లేక మూడు చాలు. పది చెబితే, అందులో బలహీనమైన దానిని పట్టుకొని ఎదుటివారు మిగతా తొమ్మిదింటినీ పక్కకు నెట్టేస్తారు.

ఇక వరుస. చిన్న ప్రసంగానికి ఈ వరుస సరిపోతుంది:

1. సభకు నమస్కారం. ఒక్క వాక్యం.
2. ఏ విషయం మీద మాట్లాడుతున్నామో, ఏమి కోరుతున్నామో చెప్పడం. రెండు వాక్యాలు.
3. ఇప్పుడు ఉన్న పరిస్థితి, దానికి ఆధారం.
4. దానివల్ల సభ్యులకు కలుగుతున్న నష్టం, దాని లెక్క.
5. చేయవలసిన పని, అది చేయగలిగినదే అనడానికి ఆధారం.
6. మొదట చెప్పిన కోరికను తీర్మానం రూపంలో మళ్ళీ చెప్పడం.

కోరికను చివరిదాకా దాచి ఉంచేవారు కొందరున్నారు. వారు పావుగంట సేపు పాత సంగతులు చెప్పి, సభ విసిగిన తరువాత అసలు మాట బయటపెడతారు. అప్పటికి సగంమంది చెప్పులు వెదుక్కుంటూ ఉంటారు. ఏమి కావాలో ముందే చెబితే, ఆ తరువాత చెప్పే ప్రతి మాటా దేనికోసం చెబుతున్నారో సభకు తెలుస్తుంది.

ఆధారాలు నాలుగు విధాలు

మొదటిది లెక్క. పాల సంఘంలో లెక్కను మించిన ఆధారం లేదు, ఎందుకంటే ప్రతి సభ్యుని చేతిలోనూ పాల పుస్తకం ఉన్నది. అయితే లెక్కను వినేవారి ఇంటి లెక్కగా మార్చి చెప్పాలి. ఉదాహరణకు "వెన్న శాతం 0.3 తగ్గింది" అంటే చాలామందికి అది పెద్ద విషయంగా తోచదు. దానిని ఇట్లా విడమర్చాలి. లీటరు పాలు దాదాపు 1.03 కిలోల బరువు ఉంటాయి. రోజుకు 8 లీటర్లు పోసే సభ్యురాలి పాల బరువు 8.24 కిలోలు. అందులో 0.3 శాతం అంటే సుమారు 25 గ్రాముల వెన్న. లెక్క సులువు కోసం కిలో వెన్న ధర 700 రూపాయలు అనుకుంటే, రోజుకు 17 రూపాయల 30 పైసలు. పది రోజుల బిల్లుకు 173 రూపాయలు. నెలకు 519 రూపాయలు. ఇప్పుడు సభ చెవి ఒగ్గుతుంది. ఎస్.ఎన్.ఎఫ్. కూడా కలిపి ధర కట్టే చోట, తమ డెయిరీ ధరల పట్టికను చూచి ఈ లెక్క వేసుకోవాలి.

ఒక ప్రసంగంలో రెండు మూడు అంకెలకు మించి చెప్పరాదు. వినేవాడు అంకెలను చెవితో గుర్తుపెట్టుకోలేడు. మిగిలిన అంకెలు కాగితం మీద ఉండాలి, అడిగినప్పుడు చూపాలి.

రెండవది కళ్ళతో చూచిన ఉదాహరణ. ఒక ఇంటిలో జరిగిన సంగతిని ఉన్నదున్నట్లు చెబితే సభ నమ్ముతుంది. కాని ఒక్క ఉదాహరణతో ఊరంతటికీ తీర్పు చెప్పరాదు. ఒక గేదె వెన్న తగ్గడానికి వంద కారణాలుండవచ్చు. గడ్డి తగ్గి దాణా ఎక్కువైనా తగ్గుతుంది, పితికే పూటల మధ్య ఎడం మారినా మారుతుంది, చివరి ధారలు దూడకు వదిలినా తగ్గుతుంది. మొదటి ధారల కంటె చివరి ధారలలో వెన్న ఎక్కువన్న సంగతి పాడి చేసేవారందరికీ తెలిసినదే. కనుక ఉదాహరణ చెప్పే ముందు, దానికి వేరే కారణం ఉన్నదేమో మనమే వెదుక్కొని సభకు రావాలి.

మూడవది పోలిక. తెలియని దానిని తెలిసిన దానితో పోల్చి చెప్పడం. పరీక్ష మిషను సరిచూడటం ఎందుకని అడిగితే, "కిరాణా కొట్టు కాటాకు కూడా తూనికల శాఖ వారు ముద్ర వేయాలి గదా" అంటే చాలు. అయితే పోలిక విషయాన్ని విప్పుతుందే కాని రుజువు చేయదు. రుజువుకు మళ్ళీ లెక్కే కావాలి.

నాలుగవది తెలిసినవారి మాట. పశువైద్యుడు చెప్పినది, డెయిరీ సూపర్‌వైజరు చెప్పినది, అన్నిటికంటె ముఖ్యంగా సంఘం నిబంధనావళిలో రాసి ఉన్నది. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో స్పష్టంగా చెప్పాలి. "అందరూ అనుకుంటున్నారు" అన్నది ఆధారం కాదు. నిబంధనావళి కాపీ కార్యదర్శి దగ్గర ఉంటుంది. అడిగి చూచుకోవడం సభ్యుని హక్కు.

ఒక నమూనా

ఇది ఏ ఒక్క సంఘం కథా కాదు. పాఠం కోసం కల్పించుకున్నది. అంకెలు కూడా అందుకోసం వేసుకున్నవే. కాని ఇటువంటి సంగతి చాలా సంఘాలలో జరుగుతుంటుంది.

ఒక సంఘంలో కొద్ది వారాలుగా వెన్న శాతం తక్కువ వస్తున్నదని సభ్యులకు అనుమానం. మహాజన సభలో ఒక సభ్యుడు లేచి ఇట్లా అన్నాడు: "మిషను మోసం, మనుషులు మోసం. మా నోట్లో మట్టి కొట్టి ఎవరు మేడలు కడుతున్నారో అందరికీ తెలుసు. రేపటి నుంచి మా పాలు ప్రైవేటు డెయిరీకే పోస్తాము." వెంటనే పరీక్ష చేసే కుర్రవాని పెదనాన్న లేచాడు. మాటకు మాట పెరిగింది. పాత పొలం గట్టు తగాదా కూడా బయటికి వచ్చింది. అధ్యక్షులు తరువాతి అంశానికి వెళ్ళిపోయారు.

ఆ సభ్యుని అనుమానం అబద్ధం కాకపోవచ్చు. కాని ఆయన అడిగినది ఏమిటి? ఏమీ లేదు. ఆయన మాటలో తీర్మానంగా రాయదగిన వాక్యం ఒక్కటీ లేదు. మాటకు ఆధారం లేదు. అందువల్ల సమాధానం చెప్పవలసిన అవసరమే పాలకవర్గానికి కలగలేదు. పైగా నలుగురు సభ్యులు అలిగి పాలు మానుకుంటే సంఘమే బలహీనపడుతుంది.

అదే విషయం మీద ఒక సభ్యురాలు ఇట్లా మాట్లాడినదనుకుందాము:

"అధ్యక్షుల వారికి, పాలకవర్గం పెద్దలకు, తోటి సభ్యులకు నమస్కారం. పాల పరీక్ష గురించి ఒక్క సంగతి అడగాలని లేచాను. మన మిషనును నెలకొకసారి సభ్యుల ఎదుట సరిచూడాలని నా కోరిక. ఎందుకో చెబుతాను.

ఇదిగో నా పాల పుస్తకం. పోయిన నెల 10వ తేదీ దాకా మా గేదె పాలకు సగటున 6.8 వెన్న వచ్చేది. 11వ తేదీ నుంచి 6.5 వస్తున్నది. ముందు మా గేదెదే లోపమనుకున్నాను. మేత చూసుకున్నాను, మారలేదు. పితికే వేళ మారలేదు. అప్పుడు పక్కింటి వారి పుస్తకం అడిగి చూశాను. వాళ్ళకు 7.0 వచ్చేది, అదే 11వ తేదీ నుంచి 6.7. వెనక వీధిలో మా అక్క వాళ్ళకు 6.5 వచ్చేది, అదే రోజు నుంచి 6.2. ఆ పుస్తకాలు తెచ్చారు, వాళ్ళూ ఇక్కడే ఉన్నారు. ఒక గేదెకు తగ్గితే మేత వల్ల అనుకోవచ్చు. మూడిళ్ళ గేదెలకు ఒకే రోజు నుంచి ఒకే లెక్కన తగ్గితే, మనం చూడవలసింది గేదెలను కాదు.

పరీక్ష చేసే అబ్బాయిని నేను తప్పు పట్టడం లేదు. మిషను చూపించిన అంకే అతను రాస్తున్నాడు. మిషను దగ్గర తేడా ఉన్నదేమోనని నా అనుమానం. నా అనుమానం తప్పని తేలినా మంచిదే, అందరికీ నిశ్చింత.

ఈ 0.3 వల్ల నాకు పది రోజుల బిల్లులో 173 రూపాయలు తగ్గింది. మీ మీ పాల కొద్దీ మీరూ లెక్క వేసుకోండి.

కనుక ప్రతి నెల మొదటి ఆదివారం పొద్దున, పాలు పోయడం కాగానే, ఒకే శాంపిలును మన మిషనులో రెండుసార్లు, గెర్బర్ పద్ధతిలో ఒకసారి సభ్యుల ఎదుట పరీక్షించి, అంకెలు బోర్డు మీద రాయాలని తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను. నమస్కారం."

ఈ ప్రసంగానికి మూడు నిమిషాలు పట్టదు. ఇందులో బలం ఎక్కడ ఉన్నదో గమనించాలి. గొంతులో లేదు, మూడు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడటంలో ఉన్నది. ఒకే తేదీ, ఒకే తేడా, మూడు వేరు వేరు ఇళ్ళు. "మీ గేదెదే లోపం" అనడానికి ఇక దారి లేదు. ఆ ఎదురు మాటను ఆమె తానే ముందు లేవదీసి, తానే సమాధానం చెప్పినది. మనిషి మీద నింద వేయకుండా పని మీద మాట్లాడినందువల్ల, పరీక్ష చేసే కుర్రవాడు కూడా ఆ తీర్మానానికి చేయి ఎత్తగలడు. అతని మీద ఉన్న అనుమానం పోయే దారి అదే గదా.

ఎదురు మాట వచ్చినప్పుడు

మంచి ప్రసంగానికి కూడా ప్రశ్నలు వస్తాయి, రావాలి. పై నమూనాలో అధ్యక్షులు "మన దగ్గర గెర్బర్ సామాను లేదు గదా" అనవచ్చు. దానికి తయారుగా ఉండాలి. గెర్బర్ పరీక్షకు 10 మిల్లీ లీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీ లీటర్ల పాలు, 1 మిల్లీ లీటరు అమైల్ ఆల్కహాలు, బ్యూటిరోమీటర్లు, తిప్పే యంత్రం కావాలి. ఆమ్లంతో పని కనుక తెలిసినవారే చేయాలి. అవి లేని చోట, అదే శాంపిలులో సగం సీసాలో వేసి, ఇద్దరు సభ్యుల సంతకాలతో మూసి, చల్లగా ఉంచి, అదే రోజు డెయిరీ ప్రయోగశాలకు పంపవచ్చు. ఈ మాట సభ్యురాలి జేబు కాగితంలో ముందే రాసి ఉంటే కోరిక అక్కడితో ఆగిపోదు.

మరొకరు "పాలు కలపకుండా శాంపిలు ఇస్తే తేడా రాదా?" అనవచ్చు. ఆ మాట నిజమే. పాలు కదలకుండా ఉంటే వెన్న పైకి తేలుతుంది. బాగా కలిపిన తరువాతనే శాంపిలు తీయాలి. నిజమైన మాటను ఎదుటివారు చెబితే ఒప్పుకోవడం ప్రసంగీకునికి అవమానం కాదు. "అవును, అది కూడా తీర్మానంలో చేర్చండి" అంటే ఎదిరించినవారే మన పక్షానికి వస్తారు.

తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ఊహించి చెప్పరాదు. "అది నాకు తెలియదు, కనుక్కొని చెబుతాను" అన్న మాట వల్ల మనిషి మీద నమ్మకం పెరుగుతుంది. ఒక్క తప్పుడు అంకె చెబితే, ముందు చెప్పిన సరైన అంకెలను కూడా సభ నమ్మదు.

కాగితం, గొంతు, వేళ

ప్రసంగమంతా రాసుకొని చదవరాదు. తల కాగితంలో పెట్టుకున్నవాని వైపు సభ చూడదు. అరచేతి వెడల్పు కాగితం మీద కోరిక ఒక వాక్యం, కారణాలు మూడు ముక్కలు, అంకెలు, చివర తీర్మానం మాత్రం రాసుకోవాలి. తీర్మానం వాక్యాన్ని మాత్రం చూచి చదవడమే మంచిది, ఎందుకంటే దానిని కార్యదర్శి రాసుకోవాలి.

ముందు రోజు రాత్రి ఇంట్లోవారి ఎదుట ఒకటి రెండుసార్లు పైకి చెప్పుకోవాలి. మనసులో అనుకున్నప్పుడు సులువుగా ఉన్న మాట నోటితో చెప్పేసరికి తడబడుతుంది. ఆ తడబాటు ఇంట్లోనే తీరిపోవాలి. ఇంట్లోవారిని "ఏమర్థమైంది?" అని అడగాలి. వారు చెప్పిన దానిలో మన కోరిక లేకపోతే ప్రసంగాన్ని సరిదిద్దుకోవాలి.

సభలో లేచిన తరువాత ఒక్క క్షణం ఆగి, గుసగుసలు తగ్గాక మొదలుపెట్టాలి. వెనక వరుసలో కూర్చున్నవారిని చూచి మాట్లాడితే గొంతు దానంతటదే సరిపడా లేస్తుంది. మైకు ఉంటే నోటికి జానెడు దూరంలో ఉంచాలి. అయిదు నిమిషాలు దాటరాదు. భాష ఇంటి భాషే కావాలి. గేదె అనేవారు గేదె అని, బర్రె అనేవారు బర్రె అని మాట్లాడాలి. ఆఫీసు కాగితాలలోని మాటలు తెచ్చిపెట్టుకుంటే మాట్లాడేవారికీ ఇబ్బందే, వినేవారికీ ఇబ్బందే.

మహిళా సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. మేత వేసేది, పితికేది, కేంద్రానికి తెచ్చి పోసేది చాలా ఇళ్ళలో ఇల్లాలే. లెక్క ఆమెకే బాగా తెలుసు. కాని సభ్యత్వం ఇంటి యజమాని పేరున ఉంటే సభలో మాట, ఓటు ఆయనవే అవుతాయి. నిబంధనావళిలోని అర్హతలు చూచుకొని సభ్యత్వం తమ పేరున తీసుకోవాలి. ఒంటరిగా లేవడానికి జంకు కలిగితే ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూర్చుని, ఒకరు ప్రతిపాదిస్తే మరొకరు బలపరచాలి. పక్కన మనిషి ఉంటే గొంతు వణకదు.

తీర్మానంతోనే ప్రసంగం ముగుస్తుంది

పాడి సహకారోద్యమం పుట్టుకే ఈ సంగతికి సాక్ష్యం. 1945లో బొంబాయి ప్రభుత్వం నగరానికి పాల పథకం పెట్టి, గుజరాత్‌లోని ఆనంద్ ప్రాంతం పాలను సేకరించి పంపే పని పోల్సన్ కంపెనీకి అప్పగించింది. రైతులకు మాత్రం గిట్టుబాటు ధర రాలేదు. వారు సర్దార్ వల్లభభాయ్ పటేల్ దగ్గరకు వెళ్ళారు. ఆయన సలహా మీద, 1946 జనవరి 4న ఖేడా జిల్లా సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయి సమక్షంలో రైతుల సభ జరిగింది. ఆ సభ కష్టాలు చెప్పుకోవడంతో ఆగలేదు. గ్రామగ్రామాన పాల సంఘాలు పెట్టుకోవాలని, అవన్నీ ఒక యూనియన్‌గా చేరాలని, ప్రభుత్వం ఆ యూనియన్ దగ్గరే పాలు కొనాలని, లేకపోతే కాంట్రాక్టర్లెవరికీ పాలు పోయరాదని నిర్ణయించింది. ప్రభుత్వం మొదట ఒప్పుకోలేదు. రైతులు 15 రోజులు పాలు ఆపారు. బొంబాయికి పాలు అందలేదు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చింది. 1946 డిసెంబరు 14న త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో ఖేడా జిల్లా యూనియన్ నమోదైంది. 1948లో రెండు గ్రామ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్ల పాలతో పని మొదలైంది. దానినే నేడు అమూల్ అని దేశమంతా ఎరుగును.

ఆనాటి ప్రసంగాలలో ఎవరు ఏమన్నారో ఈనాడు ఎవరికీ గుర్తు లేకపోవచ్చు. నిర్ణయాలు మాత్రం నిలిచాయి. ఎవరు ఏమి చేయాలి, ఒప్పుకోకపోతే ఏమి చేయాలి అన్నది అందులో స్పష్టంగా ఉన్నది గనుక ఊళ్ళకు తిరిగి వెళ్ళిన రైతుకు మర్నాడు తన పని ఏమిటో తెలిసింది.

మన సంఘాలలో కూడా అంతే. సభకు ముందుగానే, నిబంధనావళిలో చెప్పిన గడువులోగా, మన విషయాన్ని కాగితం మీద రాసి కార్యదర్శికి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకొని, ఎజెండాలో చేర్పించాలి. "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" అన్న చివరి అంశం మీద ఆధారపడితే, అప్పటికి సభ లేచిపోవచ్చు, కోరం కూడా పోవచ్చు. ప్రసంగం కాగానే బలపరచేవారు లేవాలి. ఓటుకు పెట్టమని అధ్యక్షులను కోరాలి. సభ ముగిసే ముందు తీర్మానాన్ని పైకి చదివించుకోవాలి. తేదీ, బాధ్యత ఎవరిది అన్నది అందులో లేకపోతే చేర్పించాలి. వచ్చే సభలో "పోయిన తీర్మానం ఎంతవరకు అమలైంది?" అన్నదే మన మొదటి మాట కావాలి.

పాలకవర్గం వారికి మనవి

అధ్యక్షులు, కార్యదర్శులు కూడా ఈ విషయంలో తోడ్పడవలసి ఉన్నది. ఇంతవరకు మాట్లాడనివారికి ముందుగా అవకాశం ఇవ్వాలి. మధ్యలో అడ్డు తగిలేవారిని కూర్చోబెట్టాలి. లెక్క అడిగిన సభ్యుడు సంఘానికి శత్రువు కాడు. సభలో అడిగేవాడు సంఘంలో ఉండి అడుగుతున్నాడు. ఏమీ అడగకుండా క్యాను తీసుకొని వేరే కేంద్రానికి వెళ్ళిపోయినవాడు తిరిగి రావడం కష్టం.

అభ్యాసం

వచ్చే మహాజన సభకు ముందు ప్రతి సభ్యుడూ ఈ క్రింది వానికి సమాధానాలు కాగితం మీద రాసుకోవాలి.

1. ఈ సభ నుంచి నేను కోరే ఒక్క పని ఏమిటి? అది సంఘం చేయగలదా?
2. దానికి నేను చూపే కారణాలు ఏవి? ఒక్కొక్కదానికి నా దగ్గర ఉన్న ఆధారం ఏది?
3. దానివల్ల ఒక ఇంటికి పది రోజుల బిల్లులో ఎన్ని రూపాయల తేడా వస్తుంది?
4. నన్ను ఎదిరించేవారు ముందుగా ఏమంటారు? దానికి నా సమాధానం ఏమిటి?
5. నా తీర్మానాన్ని బలపరచేది ఎవరు? వారితో మాట్లాడానా?

ఈ అయిదింటికీ సమాధానం దొరికిన సభ్యుడు ధైర్యంగా లేచి మాట్లాడవచ్చు.